చేపలు అమ్మకుండా రెండుసార్లు వెనక్కి పంపిన దుకాణం

విజయవాడ గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డు సందడికి కాస్త ఎడంగా ఉన్న ఒక సందులో, పది అడుగుల వెడల్పైనా లేని ఈ అక్వేరియం దుకాణానికి నేను మొదటిసారి వెళ్ళింది చేపల కోసమే అయినా, మొదటి చేప చేతికి వచ్చేసరికి నెలన్నర పట్టింది. ఆ తరువాత ఎనిమిది నెలలుగా వెళ్ళి వస్తూనే ఉన్నాను గనుక దీని గురించి రాయగలననుకుంటున్నాను. పేరు మాత్రం రాయడం లేదు. ఒక్కరే నడుపుకునే దుకాణమనీ, ఆదివారాలు ఇప్పటికే నిలబడడానికి చోటు ఉండడం లేదనీ యజమానే వద్దన్నారు.

ఈ దుకాణం విలువ తెలియాలంటే అంతకుముందు నాకు జరిగింది చెప్పాలి. మరొక చోట రెండడుగుల ట్యాంకు కొని, ‘అన్నీ కలిసే ఉంటాయి’ అన్న భరోసాతో అదే రోజు రెండు ఏంజెళ్ళు, ఆరు నియాన్ టెట్రాలు, నాలుగు టైగర్ బార్బ్‌లు, ఒక గోల్డ్ ఫిష్, అద్దం మీది పాచి తింటుందని ఒక సక్కర్ ఇంటికి తెచ్చాను. నిండా పోసినా 56 లీటర్లు పట్టే ట్యాంకు అది. టైగర్ బార్బ్‌లు కనీసం ఎనిమిదైనా ఉంటే తమలో తాము తరుముకుంటూ కాలక్షేపం చేస్తాయి. నాలుగే ఉండేసరికి ఏంజెళ్ళ పొడవాటి రెక్కలను కొరికి పీలికలు చేశాయి. ఆ ఏంజెళ్ళయినా అమాయకమైనవేమీ కావు. అవి సిక్లిడ్ జాతివి, అరచేయంత పెరుగుతాయి, నోట్లో పట్టిన నియాన్‌ను మింగకుండా వదలవు. రెండు నెలలలో ఆరు నియాన్లూ ఒక్కొక్కటే మాయమయ్యాయి, ఒక్కదాని శవం కూడా దొరకలేదు. చల్లని నీటిని కోరుకునే గోల్డ్ ఫిష్ ఆ వెచ్చని నీటిలో, అందులోనూ తన వ్యర్థాలతోనే ఎక్కువయిన అమ్మోనియాలో, మొదటి వేసవి దాటలేదు. ఇందులో ఏ ఒక్క చేప తప్పూ లేదు. తప్పంతా పొంతన చూడకుండా కలిపినవారిది, అడగకుండా కొన్న నాది.

అందువల్ల ఈసారి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల ట్యాంకు ముందే ఇంట్లో పెట్టుకుని, ఏ చేపలు ఇస్తారో చూద్దామని ఈ దుకాణంలో అడుగుపెట్టాను. అరవై ఏళ్ళు దాటిన యజమాని నాకు చేపలేవీ చూపించలేదు. “ట్యాంకు కొలతలెంత సార్? నీళ్ళు కుళాయివా, బోరువా? నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది? గదిలో ఎండ పడుతుందా?” అంటూ, సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు ఆరా తీసే పెద్దల్లాగ, వరుసగా అడుగుతూ పోయారు. నీళ్ళు పోసి మూడు రోజులేనని చెప్పగానే, తన పాత ట్యాంకులో నడుస్తున్న స్పాంజిలో ఒక ముక్క కోసి తడి ఆరకుండా సంచిలో వేసి ఇచ్చి, దాన్ని నా ఫిల్టర్‌లో పెట్టుకుని నెల తరువాత రమ్మన్నారు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఆ స్పాంజిలో ఉండే ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గానూ, మరొక రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. కొత్త ట్యాంకులో ఇవి తగినంత పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పాత స్పాంజి ఉంటే కాస్త తొందరగా కావచ్చు. ఆ బాక్టీరియాకు ఆహారంగా రోజూ చిటికెడు చేపల మేత ఖాళీ ట్యాంకులోనే వేయమన్నారు. నెల తరువాత సీసాలో నీళ్ళు పట్టుకుని వెళితే, పరీక్షించి, నైట్రైట్ ఇంకా కనిపిస్తోందని మళ్ళీ వట్టి చేతులతో పంపించారు. బేరం కాళ్ళ దగ్గరికి వచ్చినా వద్దనడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు.

మూడోసారి వెళ్ళినప్పుడు అసలు చర్చ మొదలైంది. నా మనసు ఇంకా నియాన్ల మీదే ఉంది. ఆయన ఒప్పుకోలేదు. నియాన్లకు 21 నుంచి 26 డిగ్రీల నీరు హాయి. బెజవాడలో రోహిణి కార్తె వచ్చేసరికి ఏసీ లేని గదిలో ట్యాంకు నీరు 30 దాటడం మామూలే. ఒకదానితో ఒకటి పోట్లాడుకోకపోతే చాలు, కలిసి ఉన్నట్టే అనుకుంటాం గాని, ఒకే వేడికి, ఒకే రకం నీటికి అన్నీ తట్టుకోగలగడం ముందు చూడవలసిన పొంతన అని నాకు అర్థమైంది అక్కడే. మా అపార్టుమెంటు బోరు నీళ్ళు, కృష్ణ నీళ్ళు వచ్చే మున్సిపల్ కుళాయి నీళ్ళు వేరువేరు సీసాలలో తీసుకెళితే రెంటినీ కాగితపు పట్టీలతో పరీక్షించి చూపించారు. బోరు నీరు బాగా కఠినంగా ఉంది. అదే వాడేటట్టయితే గప్పీలు, మాలీలు, ప్లాటీలు తీసుకోమన్నారు, ఎందుకంటే అవి కఠినజలంలో బాగా బతుకుతాయి. కుళాయి నీరు వాడేటట్టయితే మాత్రం క్లోరిన్ విరుగుడు మందు వేశాకే పోయాలన్న షరతుతో మరొక కూర్పు చెప్పారు. నేను రెండోదే ఎంచుకున్నాను.

ఆ కూర్పులో ఆయన చూసింది నీటిలోని అంతస్తులను. నడిమి నీటిలో గుంపుగా తిరగడానికి ఎనిమిది హార్లెక్విన్ రాస్‌బోరాలు, అడుగున తిరగడానికి ఆరు కోరీలు, పైభాగాన ఒక జత హనీ గౌరామీలు. ఎవరి చోటు వారికి ఉంటే తగవు సగం తగ్గుతుంది. రాస్‌బోరాలు, కోరీలు ఒంటరిగానో జతగానో ఉంటే బెదిరి మూలకు చేరతాయి గనుక ఆరుకు తక్కువ ఇవ్వనన్నారు. కోరీల మీసాలు పదునైన రాళ్ళకు అరిగిపోతాయని ట్యాంకులోని గరుకు గులకరాళ్ళు తీయించి సన్నటి ఇసుక వేయించారు. రంగులు బాగున్నాయని డ్వార్ఫ్ గౌరామీ మగవి రెండు అడిగితే, మూడడుగులలో రెండు మగవి ఇమడవని తల అడ్డంగా ఊపారు. మొదట రాస్‌బోరాలు, రెండు వారాలాగి కోరీలు, చివరికి గౌరామీలు, ఈ వరుసలోనే ఇచ్చారు. ముందు వచ్చినది చోటంతా తనదే అనుకుంటుంది గనుక, కాస్త పెత్తనం చేసే చేప చివరన రావాలన్నది ఆయన లెక్క.

అంగుళం చేపకు ఇన్ని లీటర్ల నీళ్ళు అనే లెక్క ఒకటి తరచు వినిపిస్తుంది. దాన్ని గురించి అడిగితే నవ్వి, పది అంగుళాల ఆస్కార్ ఒకటీ, అంగుళం నియాన్లు పదీ సమానమా అని ఎదురు ప్రశ్న వేశారు. ఆస్కార్ అడుగు దాకా పెరిగే చేప. దాని పక్కన పెట్టిన చిన్న చేప తోడు కాదు, మేత.

మా అబ్బాయి మాత్రం వెండిలా మెరిసే బుల్లి ‘షార్క్’ కావాలని పట్టుబట్టాడు. ఆ పేరుతో చాలాచోట్ల అమ్మేది, మన జిల్లాల చెరువుల్లో తినడానికి పెంచే పంగాసియస్ పిల్లనే. పెరిగితే మీటరు దాటుతుంది. “దీనికి ట్యాంకు చాలదు నాన్నా, కైకలూరు చెరువు కావాలి” అని ఆయన అన్న తరువాత వాడు మళ్ళీ అడగలేదు. సక్కర్ విషయంలోనూ అదే మాట: అడుగున్నర దాకా పెరిగి, విసిగినవారు కాలువలో వదిలితే మన చేపల రైతుల వలల్లో చేరి నష్టం చేసే ఆ చేపను ఆయన తెప్పించడమే మానేశారు. దాని బదులు అరచేతిలో ఇమిడే బ్రిసిల్‌నోస్ ఉంచుతారు.

లోపాలు లేకపోలేదు. ధరలు ఇతర చోట్ల కంటే పదో పదిహేనో ఎక్కువ, బేరం కుదరదు, బిల్లు అడిగితే కాగితం ముక్క మీద రాసిస్తారు. మొక్కల రకాలు తక్కువ, ఉన్నవాటిలోనూ నత్తలు వస్తాయి; నాకు వచ్చాయి. ఫైటర్ చేపలను ఇప్పటికీ చిన్న సీసాలలో వరుసగా పేర్చి అమ్మడం నాకు నచ్చలేదు. మగ ఫైటర్లు కలిసి ఉండవన్నది నిజమే గాని, విడిగా పెట్టడానికి మరీ అంత ఇరుకు అక్కరలేదు. ఆ మాట అంటే చోటు లేదన్నారు. పైగా ఒక కోరీ వచ్చిన వారానికే చనిపోయింది. కొత్తగా తెచ్చిన చేపలను వేరే ట్యాంకులో రెండు వారాలు ఉంచి అమ్ముతానని చెప్పిన మనిషి ఆసారి అలా చేయలేదని నాకు అనుమానం. అడగగానే మరొకటి ఇచ్చారు, కారణం మాత్రం చెప్పలేదు.

మిగిలిన చేపలన్నీ ఈ వేసవిని దాటాయి. ట్యాంకు మీద చిన్న ఫ్యాను తిప్పి నీరు ఆవిరయ్యేలా చూస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గింది, ఉక్కపోత రోజుల్లో అంతకూడా తగ్గలేదు. దుకాణం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది వరకు ఉంటుంది. మాట్లాడే తీరిక కావాలంటే వారం మధ్యలో, సాయంత్రం తెరిచిన వెంటనే వెళ్ళడం మంచిది. వెళ్ళేటప్పుడు ట్యాంకు కొలతలు రాసుకుని, మీరు వాడబోయే నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళండి, లేకపోతే వాటి కోసమే మళ్ళీ ఇంటికి పంపిస్తారు.