గోదడి కుట్టే సామాను: ఏది కొనాలి, దేనికి డబ్బు దండగ

నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు, చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్‌పూర్ వైపు తెలుగిళ్ళలో బొంత అన్నా గోదడి అన్నా ఒకటే. పాత చీరెలు పొరలుగా పరిచి సూదిదారంతో కలిపి కుట్టుకునేది. ఇప్పుడు అదే పని క్విల్టింగ్ పేరుతో కొత్త సరంజామాను వెంటబెట్టుకొని వస్తోంది: గుండ్రటి బ్లేడు కట్టర్, కింద వేసే మ్యాట్, వాకింగ్ ఫుట్, చుట్టగా వచ్చే దూదిపొర, ముందే కోసి కట్టలుగా అమ్మే బట్ట ముక్కలు. ఇవి కొత్త బట్ట కొని కుట్టేవాళ్ళ కోసం చేసిన వస్తువులు. పెట్టె నిండా పాత చీరెలున్న ఇంట్లో వీటిలో ఏది అక్కరకొస్తుందో తేల్చుకోకుండా కొంటే సగం మూలన పడతాయి. తీర్పు ముందే చెప్పేస్తే: ముక్కలు అతకడానికి మిషన్, పొరలు కలపడానికి చెయ్యి. ఈ రెండూ తారుమారైన చోటే ఎక్కువ గోదడీలు పాడవుతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ ఆశతో కొనేది వాకింగ్ ఫుట్, కాబట్టి ముందు దాని సంగతి. మిషన్‌లో బట్టను నొక్కిపట్టే మామూలు పాదం కింద బట్టను నడిపేవి కింది పళ్ళు మాత్రమే. అవి అడుగు పొరను లాక్కుపోతాయి, పై పొర పాదం రాపిడికి వెనకబడుతుంది. రవికె కుట్టినప్పుడు ఈ తేడా తెలియదు. మూడు పొరలుండి, మధ్యలో మెత్తటి దూది ఉంటే మాత్రం 90 అంగుళాల గీత చివరికి వచ్చేసరికి పై బట్ట మిగిలిపోయి ముడత పడుతుంది. వాకింగ్ ఫుట్‌లో పైన కూడా పళ్ళుంటాయి. పక్కనున్న రెండు కొమ్ముల కాడ సూదిని బిగించే మర మీద కూర్చుంటుంది. సూది లేచినప్పుడల్లా కాడ లేచి పై పళ్ళను నడిపిస్తుంది, రెండు పొరలూ ఒకే వేగంతో కదులుతాయి. కాడను మర కింద పెట్టి బిగిస్తే పై పళ్ళు కదలవు. ‘పాదం పనిచేయడం లేదు’ అనుకుంటే ముందు చూడాల్సింది అదే.

మీ మిషన్‌కు సరిపోతుందా లేదా అన్నది కొనే ముందే కొలవాలి. పాదం దించి, దాన్ని బిగించే మర మధ్య నుంచి కింది పలక దాకా స్కేలు పెట్టండి. అర నుంచి ముప్పావు అంగుళం వస్తే అది పాదం బిగించే కడ్డీ (షాంక్) పొట్టిగా ఉన్న మిషన్. అంగళ్ళలో దొరికే మామూలు వాకింగ్ ఫుట్ ఎక్కువగా దానికే చేసినది. అంగుళం, ఆపైన వస్తే పొడుగు కడ్డీది అడిగి తీసుకోవాలి. రెండో చిక్కు నల్ల మిషన్‌ది. నేరు కుట్టు మాత్రమే వేసే పాత నల్ల మిషన్‌లో కింది పళ్ళ వరసలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాకింగ్ ఫుట్ ఎక్కువగా జిగ్‌జాగ్ మిషన్ కొలతకు తయారవుతుంది, అందులో పళ్ళ వరసలు దూరంగా ఉంటాయి. పైవీ కిందివీ ఎదురెదురుగా రాకపోతే బట్ట మధ్యలో పట్టు దొరకదు, పాదం బిగిసినా ఫలితం ఉండదు. నల్ల మిషన్ ఉన్నవాళ్ళు దీన్ని కొనకపోవడమే మేలు. జిగ్‌జాగ్ మిషన్ ఉండి, గీతలన్నీ నేరుగా వేసుకుంటే కొనదగ్గ వస్తువే. కుట్టు పొడుగు 3 మిల్లీమీటర్లకు పెంచాలి, నెమ్మదిగా నడపాలి, వెనక్కి కుట్టకూడదు. పూలూ తీగలూ గీసినట్టు అన్ని వైపులా తిప్పే కుట్టుకు ఇది పనికిరాదు. దానికి కింది పళ్ళు దించి, వేరే పాదం వేసుకోవాలి.

పాదం సరిపోయినా ఇంటి మిషన్ మెడ కింద చోటు 6, 7 అంగుళాలే. 60 అంగుళాల వెడల్పు గోదడి నడిమి గీత వేయాలంటే 30 అంగుళాల బట్టను చుట్టచుట్టి ఆ సందులోంచి తీయాలి. దూది లావుగా ఉంటే చుట్ట పట్టదు. మిగిలిన బరువు బల్ల అంచు నుంచి వేలాడి బట్టను లాగుతుంది, కుట్టు పొడుగు ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది, భుజాలు పీకుతాయి. దీనికి మంచి ఉపాయముంది. 20 అంగుళాల వెడల్పున, 90 అంగుళాల పొడుగున మూడు పట్టీలుగా విడివిడిగా కుట్టి చివర్లో అతకాలి. అతికేచోట పై బట్ట, కింది బట్ట ఒక్కో అంగుళం వదిలి కుట్టుకుంటే దూది అంచులు ఒకదానికొకటి ఆనేలా కోసి, పైన మిషన్ కుట్టు, కింద చేతి కుట్టు వేయొచ్చు.

నల్ల మిషన్‌ను ఈ మాటలతో తీసిపారేయకూడదు. ముక్కలు అతకడంలో దానికి సాటి లేదు. కాలితో తొక్కేదైతే కరెంటుతో పని లేదు, ఒక్కో కుట్టూ చెప్పినట్టు వింటుంది, నాలుగైదు పొరలు కలిసే మూల దగ్గర కూడా సూది తడబడదు. అతుకుకు కుట్టు పొడుగు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, అంచు వదిలేది కచ్చితంగా పావు అంగుళం. ఈ పావు అంగుళం దగ్గరే కొత్తవాళ్ళ లెక్క తప్పుతుంది. ఆరున్నర అంగుళాల ముక్క అతికాక 6 అంగుళాలు కావాలి. కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగినా ముక్కకు రెండు వైపులా కలిసి ఎనిమిదో వంతు పోతుంది, అడ్డంగా 10 ముక్కలకు అంగుళంపావు తగ్గుతుంది. ఒక వరస సరిగా, ఒక వరస తక్కువగా వచ్చిందంటే అవి కలవవు, లాగి కలిపితే పై పొర ఉబ్బుతుంది. పలక మీద సూది నుంచి పావు అంగుళం దూరాన ఒక టేపు ముక్క అంటించుకుంటే చాలు, దానికి వేరే సామాను కొననక్కరలేదు.

బట్ట లెక్క ముందే కట్టుకోవాలి. 60 × 90 అంగుళాల గోదడికి ఆరున్నర అంగుళాల ముక్కలు 10 వరసల్లో 15 చొప్పున 150 పడతాయి. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట మీటరుకు లెక్కప్రకారం 36 ముక్కలు రావాలి. నీళ్ళలో పెట్టి ఆరేశాక బట్ట కుంగి పొట్టిదవుతుంది, ఆరో పట్టీ మిగలదు, 30 ముక్కలే చేతికొస్తాయి. అందుకని 4 మీటర్ల పైచిలుకు అని కాక 5 మీటర్లు తెచ్చుకోవాలి. అన్ని రంగులూ విడివిడిగా తడిపి, తెల్లగుడ్డతో అద్ది చూడాలి. ఎరుపు, నీలం దిగుతుంటే దిగడం ఆగేదాకా కడగాలి, ఆగకపోతే ఆ బట్ట పక్కన పెట్టేయాలి.

ముందే కోసిన కట్టలు అందంగా ఉంటాయి, రంగులు పొందికగా ఎంచి పెడతారు. ఐదు అంగుళాల ముక్కలు 42 ఉండే కట్ట కొంటే ఏడు వరసల్లో ఆరు చొప్పున అతికాక వచ్చేది 27 × 31.5 అంగుళాలు. అది పసిపిల్ల పక్కబట్ట. మంచం మీదికి కావాలంటే అలాంటివి ఏడు కట్టలు కావాలి, ఆ డబ్బుతో తాన్లలోంచి మీటర్లకొద్దీ మంచి నూలుబట్ట వస్తుంది. కట్టలు వద్దు. కట్టర్, మ్యాట్, స్కేలు మూడూ కలిపి కొంటేనే పని, ఒకటి లేకుండా మిగతావి దండగ. 45 మిల్లీమీటర్ల బ్లేడు నాలుగు పొరల దాకా బాగా కోస్తుంది. మ్యాట్‌ను ఎండలో వదిలినా, దానిమీద ఇస్త్రీ పెట్టినా వంకరపోతుంది, మళ్ళీ తిన్నగా రాదు. చంద్రపూర్ ఎండల్లో కిటికీ దగ్గర బల్ల మీద వదిలేయకూడని వస్తువు అదే. ఏడాదికి ఒక గోదడి కుట్టేవాళ్ళకు అట్టముక్క కొలత, సుద్ద, పదునైన కత్తెర చాలు.

ఇక మధ్యలో వేసేది. అసలు గోదడి బతుకంతా దీని మీదే ఉంది. చుట్టగా వచ్చే పాలిస్టర్ పొర తేలిక. 100 జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు 100 గ్రాములు, 60 × 90కి 350 గ్రాములే. తొందరగా ఆరుతుంది, కుంగదు. అయితే ఒంటి చెమట పీల్చదు, నాసిరకమైతే పోగులు పై బట్టలోంచి తెల్లగా పొడుచుకొస్తాయి. మన వైపు చలి నాలుగు వారాలు గట్టిగా ఉండి తగ్గుతుంది, వేసవిలో అడుగున పరుచుకునేది కూడా ఇదే గోదడి, కాబట్టి పాలిస్టర్‌ను సిఫారసు చేయలేం. అట్టలా అతికిన నూలు పొర వాడితే మొదటి ఉతుకులో వందకు 3 నుంచి 5 దాకా కుంగుతుంది, పై బట్ట ముందే ఉతికి ఉంటే గోదడంతా చిన్న చిన్న ముడతలు తేలుతుంది. కొందరికి ఆ ముడతలే ఇష్టం. వద్దనుకుంటే పొరను ముందే నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసుకోవాలి.

దూది ఏకించి తెచ్చుకునేవాళ్ళు ఒక పింజ లాగి చూడాలి. పోగు పొడుగ్గా సాగితే మంచి దూది. పొట్టిగా తెగి పొడిలా రాలితే, రంగురంగుల పోగులు కనబడితే పాత గుడ్డపేలికలు కలిపి ఏకినది. గింజ పలుకులుంటే ఏరేయాలి, తడిస్తే వాటి మరక పైకి తేలుతుంది. విడి దూదికి కుట్టు గీతల మధ్య 2, 3 అంగుళాలకు మించి ఎడం ఉండకూడదు. ఎడం ఎక్కువైతే రెండో ఉతుకుకే దూది గడ్డలు కట్టి మూలకు చేరుతుంది. దాన్ని సరిచేయాలంటే గోదడి విప్పడం తప్ప దారి లేదు. పరిచేటప్పుడు ఫ్యాను ఆపాలి. మే నెలలో అది అయ్యే పని కాదు, తెల్లవారుజామున పరిచి టాకాలు వేసేయాలి. వానాకాలంలో దూది తేమ పట్టి ముక్కిన వాసన వేస్తుంది, ఆ నెలల్లో ముక్కలు అతుక్కుంటూ దూది పని దీపావళి తర్వాతకు ఉంచుకోవడం మంచిది.

ఇవన్నీ పక్కన పెట్టి, దూదే లేకుండా చీరె పొరలతో కుట్టే గోదడి ఈ ప్రాంతానికి అన్నిటికంటే తగినది. మొదలుపెట్టేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలి. ఐదున్నర మీటర్ల నూలు చీరె, 45 అంగుళాల పన్నా, పొడుగున మూడు మడతలేస్తే 6 అడుగుల పొడుగు గోదడికి మూడు పొరలు కత్తెర పెట్టకుండానే వచ్చేస్తాయి. రెండు చీరెలు ఆరు పొరలు. తొమ్మిది గజాల నవ్వారి చీరె దొరికితే నాలుగు మడతల్లో 81 అంగుళాలు వస్తుంది, పొడుగు మనిషికి సరిపోతుంది. ఆరు పొరలు దాటితే సూది దిగదు, వేళ్ళు నొస్తాయి. చీరెను వెలుగుకు ఎత్తి చూడండి. నడుము దగ్గర దోపిన చోట, పాదాలకు తగిలే కుచ్చెళ్ళ అంచు దగ్గర పలచబడి ఉంటుంది. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగితే చిరిగే భాగాన్ని తీసేయాలి, లేదా లోపలి పొరగా మాత్రమే వాడాలి. జరీ అంచు కత్తిరించాలి, అది దారాన్ని కోస్తుంది. గంజి పోయేదాకా ఉతకాలి, గంజి ఉంటే సూది బిగుసుకుంటుంది, పురుగు చేరుతుంది. నైలాన్, పాలిస్టర్ చీరెలు నూలుతో కలపకూడదు. ఒకటి కుంగి ఇంకోటి కుంగక గోదడి మెలి తిరుగుతుంది.

నేల మీద పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, నడిమి నుంచి అంచులకు అరచేత్తో సవరిస్తూ జానెడు దూరానికో పొడుగు టాకా వేసుకోవాలి. అంచు నుంచి నడిమికి సవరిస్తే మిగిలిన బట్టంతా మధ్యలో పోగవుతుంది. గీతకు గీతకు అంగుళం ఎడంతో పొడుగున కుట్టుకుంటూ పోతే 45 గీతలు, అన్నీ కలిపి 82 మీటర్లు. దారం 100 మీటర్లు దగ్గర పెట్టుకోవాలి. ఒక అడుగు పొడుగు కుట్టుకు మూడు నిమిషాలు వేసుకున్నా 13 గంటల పైన పడుతుంది, రోజుకు గంట చొప్పున రెండు వారాలు. ఈ ఓపికకు సిద్ధపడనివాళ్ళు ఎడం 2 అంగుళాలకు పెంచుకోవచ్చు, చీరె పొరలు దూదిలా గడ్డకట్టవు కాబట్టి నష్టం లేదు. దారం మూరెడుకు మించి సూదికి ఎక్కించొద్దు, పొడుగైతే మెలిపడి మధ్యలో నూగు లేచి తెగుతుంది. మైనం ముక్క మీద ఒకసారి లాగితే జారుతుంది. నడిమి వేలికి ఇనుప అంగుస్తాన, అంటే సూది గుచ్చుకోకుండా వేలికి వేసుకునే తొడుగు, తప్పనిసరి. ఇంత సామాను జాబితాలో మనసారా కొనమని చెప్పగలిగేది అదొక్కటే.

ముక్కల గోదడికి అడుగు బట్ట కూడా చీరెలోనే ఉంది. సగానికి కోసి పక్కపక్కన అతికితే 108 × 89 అంగుళాలు వస్తుంది, 60 × 90కి చుట్టూ నాలుగేసి అంగుళాలు వదిలినా మిగులుతుంది. అంచు పట్టీకి చుట్టుకొలత 300 అంగుళాలు, మూలలకూ అతుకులకూ ఇంకో 12. రెండున్నర అంగుళాల వెడల్పున ఎనిమిది పట్టీలు, అంటే 44 పన్నా బట్ట అర మీటరు పైచిలుకు. పట్టీలను ఏటవాలుగా అతకండి, తిన్నగా అతికితే అక్కడ బట్ట పొరలన్నీ ఒకేచోట చేరి గడ్డలా తగులుతుంది. మూల రాగానే పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి మళ్ళీ కిందికి దించి కొత్త వైపు మొదలుపెట్టాలి. అంచు దాకా కుట్టేస్తే మూల తిరగదు, నొక్కుకుపోయి గుండ్రంగా మిగులుతుంది.

మిషన్ మీద దూది కుట్టినవాళ్ళు పని అయ్యాక పలక విప్పి, బాబిన్ కేసు చుట్టూ చేరిన నూగు బ్రష్షుతో తీసి ఒక్క చుక్క నూనె వేయాలి. ఆ నూగు పేరుకుంటేనే కింద దారం ఉచ్చులు పడుతుంది, చాలామంది బిగువు మర తిప్పితిప్పి మిషన్‌ను తప్పుపడతారు. అతుకులకు 14 నంబరు సూది, పొరలకు 16. ఎనిమిది గంటల కుట్టుకు సూది మార్చేయాలి.