ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్: ఐదేళ్లు వాడాక

ఐదేళ్లుగా ఈ యాప్ నా ఫోన్‌లో ఉంది. పైరు మీద ఏ మచ్చ కనబడినా ముందు దీన్నే తెరుస్తాను. తీసేయాలని ఎప్పుడూ అనిపించలేదు. అయితే మొదట్లో నమ్మినంతగా ఇప్పుడు నమ్మను.

పురుగుల విషయంలో దీనికి మంచి మార్కులు వేస్తాను. ఒకసారి మొక్కజొన్న సుడిలో తడి రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపించింది. ఆకులు విప్పి, పురుగును బయటికి తీసి ఫొటో కొట్టాను. కత్తెర పురుగు అని వచ్చింది. తలమీద తిరగేసిన వై ఆకారం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు ఉన్నాయేమో చూసుకోమంది. ఉన్నాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన పురుగు ఇది. 2016లో ఆఫ్రికాలో, 2018లో ఆసియాలో బయటపడింది. పెద్దవాళ్లు అంతకుముందు చూసిన పురుగు కాదు కాబట్టి ఎవరిని అడిగినా చెప్పలేకపోయేవాళ్లు.

ఆకులు పసుపు రంగుకి తిరిగితే మాత్రం కథ వేరు. వానల తర్వాత మొక్కజొన్న కింది ఆకులు కొన నుంచి మధ్య ఈనె వెంట వి ఆకారంలో పసుపు తిరిగాయి. ఒక ఫొటోకి ఆకుమాడు తెగులు అంది, రెండో ఫొటోకి మెగ్నీషియం లోపం అంది. మందుల షాపులో అడిగితే ఫొటో చూడకుండానే రెండు మందులు చేతిలో పెట్టారు. నాకు ఒకటే టెన్షన్. పక్క చేను పెద్దాయన వచ్చి, “ముందు ఒక మొక్క పీకి చూడు అబ్బాయ్” అన్నాడు. పీకితే వేళ్లు గోధుమరంగుకి తిరిగి, మురుగు వాసన కొట్టాయి. నీళ్లు నిలిచి వేళ్లకి గాలాడలేదు, నత్రజని అందలేదు. కాలువ తీసి నీళ్లు బయటికి పంపి, నేల ఆరాక పైపాటుగా యూరియా వేశాను. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. ఆ రెండు మందులూ మూత తీయకుండానే తిరిగి ఇచ్చేశాను.

ఇంకో ఇబ్బంది ఉంది. ఒక్క ఆకు చూపిస్తే చేనంతటికీ మందు చెప్తుంది. పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) అని ఒకసారి సరిగ్గానే గుర్తుపట్టింది, వెంటనే మందు కొట్టమంది. చేనంతా తిరిగి చూస్తే ప్రతి నాలుగైదు మొక్కలకో అక్షింతల పురుగు పేనుని తింటూ కనబడింది. ఆగాను. వారానికల్లా పేను చాలావరకు తగ్గింది. ఆ రోజే కొట్టి ఉంటే అక్షింతల పురుగులు కూడా పోయేవి.

ఫొటో తీసే పద్ధతి కూడా మార్చుకున్నాను. ఎండ ముదరకముందే ఆకు పైభాగం, అడుగుభాగం, మొత్తం మొక్క విడివిడిగా తీస్తాను. మచ్చ కొత్త ఆకుల మీదా, ముదురు ఆకుల మీదా అన్నది రాసుకుంటాను. నత్రజని లోపం ముదురు ఆకుల్లో, ఇనుము లోపం లేత ఆకుల్లో ముందు కనిపిస్తుంది కాబట్టి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

యాప్ తయారుచేసేవాళ్లని ఒక్కటే కోరుతున్నాను. మందు పేరు చూపించే ముందు రెండు మాటలు అడగండి: ఎన్ని మొక్కలకి ఇలా ఉంది, నీళ్లు నిలిచాయా? అప్పటిదాకా ఆ రెండూ నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంటాయి.