వాట్సాప్‌ను నాలుగో డెస్క్‌టాప్ దాటనివ్వని కేడీఈ విండో రూల్స్

లినక్స్ కంప్యూటర్లలో వాడే కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది విండో రూల్స్. ఏ అప్లికేషన్ ఏ వర్చువల్ డెస్క్‌టాప్‌లో (ఒకే మానిటర్ మీద మార్చుకుంటూ వాడే విడివిడి తెరల్లో దేంట్లో) తెరుచుకోవాలో ఒక్కసారి చెప్పిపెడితే చాలు, ఆ తర్వాత దాని చోటు అదే చూసుకుంటుంది. హనుమకొండ నయీంనగర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. కౌంటర్ మీది సిస్టమ్‌లో ఇన్నాళ్లుగా కేడీఈని మార్చకపోవడానికి కారణం ఇదే.

మా మానిటర్ సగం కస్టమర్ వైపు తిరిగి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిగ్గా పడ్డాయా అని వాళ్లే చూసుకుని సరే అనాలి. అదే టైంకు ఇంకెవరో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇంటర్ మెమో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతుంటారు. ఒకరి కాగితాలు ఇంకొకరి కంట పడకూడదు. అందుకే ఫారాలు నింపే ఫైర్‌ఫాక్స్ ఒకటో డెస్క్‌టాప్‌లో, డాక్యుమెంట్లు టైప్ చేసే రైటర్ రెండులో, ఫొటోల సైజు తగ్గించే గింప్ మూడులో, వాట్సాప్ వెబ్ నాలుగులో. వాట్సాప్‌ను క్రోమియంలో విడి యాప్‌గా ఇన్‌స్టాల్ చేసుకున్నాను కాబట్టి దానికి సొంత విండో క్లాస్ (ఆ విండో ఏ యాప్‌దో సిస్టమ్‌కు చెప్పే పేరు) ఉంటుంది, రూల్ దాన్ని విడిగా పట్టుకోగలదు.

నేను వాడే లినక్స్ డెబియన్. డెబియన్ 12లో ఎక్స్11 (తెర మీద విండోలు చూపించే పాత పద్ధతి) సెషన్ మీద ఇదంతా సాఫీగా సాగింది. డెబియన్ 13కి మారాక ప్లాస్మా 6.3, దాంతోపాటే ఎక్స్11 బదులు కొత్త పద్ధతి వేల్యాండ్ వచ్చాయి. రూల్స్ జాబితా చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి. కమలాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఆదాయ సర్టిఫికెట్ ఫారం నింపుతూ మధ్యలో వాట్సాప్ తెరిచాను. నాలుగులోకి పోవాల్సింది నేరుగా ఫారం మీదే వచ్చి పడింది, ఎవరిదో ఆధార్ స్క్రీన్ నిండా.

"తమ్మీ, గిది నాది గాదు గదా?"

"నీది గాదు బాపూ" అని వెంటనే మూసేశాను. ఆ ఆధార్ పంపినామె కూడా నా కస్టమరే. నన్ను నమ్మి పంపింది.

సాయంత్రం షట్టర్ దించాక కూర్చుని చూస్తే గొడవంతా పేరుతోనే. ఎక్స్11లో ఆ విండో క్లాస్ 'సీఆర్ఎక్స్' అని మొదలై, వెనక 32 అక్షరాల ఐడీ ఉండేది. క్రోమియం నేరుగా వేల్యాండ్ మీద నడిస్తే ముందు 'క్రోమ్', మధ్యలో అదే ఐడీ, చివర 'డిఫాల్ట్' అని వస్తుంది. నా రూల్‌లో ఉన్నది ఎగ్జాక్ట్ మ్యాచ్, అంటే పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. పేరు కలవలేదు, రూల్ పనిచేయలేదు. 'డిటెక్ట్ విండో ప్రాపర్టీస్' నొక్కి కొత్త పేరు పట్టుకున్నాను. మధ్యలోని ఐడీ ఒక్కటే ఉంచి సబ్‌స్ట్రింగ్ మ్యాచ్ (పేరులో ఆ ముక్క ఉంటే చాలు) పెట్టాక రెండు సెషన్లలోనూ పనిచేస్తోంది. ఫైర్‌ఫాక్స్ రూల్‌కూ ఇదే మందు. ఏ విండోకూ తగలని రూల్ పక్కన ఆ జాబితాలో ఒక చిన్న గుర్తు చూపిస్తే ఎంత బాగుండేది! నాకు బాధ కలిగించింది పేరు మారడం కాదు, ఆ సంగతి తెలిసే దారి లేకపోవడం.

ప్రతి అప్లికేషన్‌కూ రూల్ పెట్టడం మంచిదని ఇప్పుడు అనను. పీడీఎఫ్‌లు చూపించే ఆక్యులర్‌ను రెండో డెస్క్‌టాప్‌కు కట్టేస్తే, బ్రౌజర్‌లో రసీదు పీడీఎఫ్ నొక్కినప్పుడు అది అక్కడ తెరుచుకునేది, ఇక్కడ ఏమీ కనిపించేది కాదు. రసీదు రాలేదేమోనని కస్టమర్‌కు టెన్షన్. ఆ రూల్ తీసేశాను. గింప్‌కు 'ఫోర్స్' (ఎప్పుడూ అక్కడే ఉండాలి) బదులు 'అప్లై ఇనిషియల్లీ' పెట్టుకుంటే, తెరుచుకున్నాక కావాలంటే వేరే డెస్క్‌టాప్‌కు జరుపుకోవచ్చు. వాట్సాప్‌కు మాత్రం ఫోర్సే.

మా తమ్ముడు లినక్స్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ వాడతాడు. ఆటో మూవ్ విండోస్ ఎక్స్‌టెన్షన్‌లో జాబితాలోంచి యాప్‌ను ఎంచుకుని వర్క్‌స్పేస్ (అక్కడ వర్చువల్ డెస్క్‌టాప్‌ను అలా అంటారు) నంబరు ఇస్తే అయిపోతుంది, విండో క్లాస్ గొడవ లేదు. ఇంట్లో వాడుకునేవాళ్లకు అదే సుఖమేమో. నాలాగా ఒకే మానిటర్‌తో, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని పనిచేసేవాళ్లకైతే కేడీఈ రూల్సే చెబుతాను. రెండు మానిటర్లుంటే లెక్క వేరు: ప్లాస్మా 6.3లో డెస్క్‌టాప్ మారిస్తే రెండు తెరలూ కలిసే మారతాయి. కస్టమర్ కోసం విడిగా ఒక మానిటర్ కొందామనుకున్నవాణ్ణి అందుకే ఆగాను.