డిజైన్ నేర్చుకోవాలంటే ముందు ఏది పట్టాలి: పెన్సిలా, మౌసా?

గ్రాఫిక్ డిజైన్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫొటోషాప్ తెరిచి ట్యుటోరియల్స్ వెంట పడతారు. కొందరు మాత్రం కాగితం, పెన్సిల్ ముందేసుకుని ఎవరికి ఏం చెప్పాలన్న దగ్గర మొదలుపెడతారు. నేను మొదటి దారిలో వచ్చినవాణ్ణి. అందుకే రెండోదానివైపు కాస్త మొగ్గుతాను.

నా మొదటి పోస్టర్ కాలేజీలో రక్తదాన శిబిరానికి. ఎర్ర గ్రేడియంట్ (లేత నుంచి ముదురుకి జారే రంగు), అక్షరాలకు నీడలు, నాలుగు ఫాంట్లు, మధ్యలో తళతళలాడే రక్తపు చుక్క. ఫ్రెండ్ చూసి, "అదిరింది. ఇంతకీ ఎప్పుడు?" అన్నాడు. తేదీ ఉంది, కింద మూలన, ముదురు ఎరుపు మీద నల్లక్షరాల్లో. ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి నాకు కనపడింది, అంతే.

సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడితే వచ్చే తంటా ఇదే. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తొందరగానే వస్తుంది, ఎందుకు నొక్కాలో రాదు. పెన్సిల్‌తో ఆ మెరుపులు కుదరవు. ఏది పెద్దగా ఉండాలి, కన్ను ముందు దేనిమీద పడాలి అన్నదే మిగులుతుంది. అగ్గిపెట్టెంత గళ్లు పది గీసి పది రకాలుగా సర్ది చూడటం పావుగంట పని. స్క్రీన్ మీదైతే మొదటి లేఅవుట్‌కే నగిషీలు చెక్కుతూ కూర్చుంటాం.

2017 ఆస్కార్ వేడుకలో ఉత్తమ చిత్రం పేరు తప్పు చదివారు, గుర్తుందా? ఉత్తమ నటి కవరు ఆ పేరు చదివేవాళ్ల చేతికి వెళ్లడం అసలు పొరపాటు. కానీ ఆ కార్డులో ఆస్కార్స్ అన్న మాట పైన పెద్దగా, నటి పేరు, సినిమా పేరు మధ్యలో, అది ఏ అవార్డో మాత్రం అట్టడుగున సన్నక్షరాల్లో ఉంది. కార్డు చూడ్డానికి అందంగానే ఉంది మరి!

దీనికి సరిగ్గా ఎదురు, హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీసిన లండన్ భూగర్భ రైలు మ్యాప్. అసలు దూరాలు పక్కనపెట్టి అడ్డం, నిలువు, 45 డిగ్రీల గీతలే వాడాడు. రైల్లో ఉన్నవాడికి కావాల్సింది ఎక్కడ దిగి మారాలన్నదే కదా. రైలు సంస్థవాళ్లు ముందు వద్దన్నా, 1933లో అచ్చువేశారు.

అలాగని కాగితమే చాలు అనను. అక్షరాల సంగతి స్క్రీన్ మీదే తెలుస్తుంది, తెలుగైతే మరీను. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ స్పేసింగే ఉంచేస్తే, పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడికి తగులుతుంది. ఇది పెన్సిల్ చెప్పదు. రంగుల కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, కూడా అంతే. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. నా నల్ల తేదీ ఆ దరిదాపుల్లో కూడా ఉండి ఉండదు.

కాబట్టి మొదటి రెండు మూడు నెలలు పెన్సిల్‌కే నా ఓటు. ఉద్యోగం తొందర ఉంటే రెండూ కలిపి నడపండి, కానీ ఏ పనికైనా కాగితం మీద గళ్లు గీయకుండా ఫైల్ తెరవకండి. అయ్యాక సంబంధం లేని మనిషికి ఐదు సెకన్లు చూపించి, ఏం అర్థమైందో అడగండి.

మరుసటి ఏడాది శిబిరానికి తెల్ల కాగితం మీద తేదీనే అన్నిటికంటే పెద్దగా పెట్టాను. అదే ఫ్రెండ్ నడుస్తూనే ఓ చూపు చూసి, "ఆదివారమా? నాకు కుదరదురా" అంటూ వెళ్లిపోయాడు.