ఎనిమిదేళ్ల యూపీఎస్, మూడు జతల బ్యాటరీలు

నా బల్ల పక్కనున్న యూపీఎస్‌కు ఎనిమిదేళ్లు నిండాయి. కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు బ్యాటరీ మీద నడిపే పెట్టె ఇది. అందులో ఇప్పుడున్నది మూడో జత బ్యాటరీలు. కొత్తగా కొనేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని వీఏ తీసుకోవాలి?" వీఏ అంటే వోల్ట్-ఆంపియర్లు, యూపీఎస్ ఎంత లోడ్ మోయగలదో చెప్పడానికి వేసే అంకె. నేను ముందు బ్యాటరీని చూడమంటాను. అది ఎంత పెద్దది, పాడైతే మనమే మార్చుకోగలమా అన్నది తేల్చుకున్నాకే మిగతావి. ఇది నాకు తెలిసేసరికి ఒక హార్డ్ డిస్క్ పోయింది.

దీనికి ముందు 600 వీఏ యూపీఎస్ ఉండేది. వీఏ అంకెను పెట్టె మీద పెద్దగా వేస్తారు, వాట్లు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటాయి. దానివి 360 వాట్లు. నా కంప్యూటర్, రెండు మానిటర్లు కలిపినా వాట్ మీటర్‌లో 180 దాటేవి కావు. సగం లోడే కదా అని నిశ్చింతగా ఉన్నాను. కానీ వాట్లను బట్టి తెలిసేది అది ఎంత బరువు మోయగలదన్నదే. ఎంతసేపు మోస్తుందో బ్యాటరీ చెప్పాలి. లోపల 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే ఉంది. గుణిస్తే 84 వాట్-అవర్లు. ఆ లెక్కన 180 వాట్లకు 28 నిమిషాలు రావాలి. కొత్తలోనే పది నిమిషాలు రాలేదు. ఆ 7 అన్నది 20 గంటల పాటు నిదానంగా వాడితే వచ్చే అంకె. ఒక్కసారిగా గుంజితే ఈ రకం బ్యాటరీ తనలో ఉన్నదంతా ఇవ్వదు. ఇచ్చిన దాంట్లోనూ కొంత, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ భాగంలో వేడిగా పోతుంది.

రెండేళ్లు దాటాక ఒక సాయంత్రం బయటి డిస్క్‌లోకి ఫొటోలు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి బీప్ మంది, వెంటనే అన్నీ ఆరిపోయాయి. క్షణం ముందు వరకూ దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంది. కరెంటు వస్తోందన్న దానికే ఆ దీపం గుర్తు, లోపల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ డిస్క్ మళ్లీ తెరుచుకోలేదు. అందులోని పాత ఫొటోల్లో చాలావాటికి మరో ప్రతి లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత కొన్నదే ఇది. 1000 వీఏ, 600 వాట్లు, లోపల 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు. అదే 180 వాట్లకు కొత్త బ్యాటరీలతో ఇరవై నిమిషాలు నిలుస్తుంది. లోడ్ బ్యాటరీకి సగం చొప్పున పడటం వల్ల సమయం రెట్టింపుకు మించి పెరిగింది. ఇది లైన్ ఇంటరాక్టివ్ రకం. వోల్టేజీ పడిపోతే లోపల రిలే టిక్కుమంటుంది, బ్యాటరీని కదపకుండానే వోల్టేజీని పైకి తెస్తుంది. కొన్ని సాయంత్రాలు ఆ టిక్కు పదేపదే వినిపిస్తుంది. సాధారణ ఆఫ్‌లైన్ రకమైతే అలాంటి ప్రతిసారీ బ్యాటరీ మీదకు వెళ్లేది. ఆన్‌లైన్ రకం ఇంకా మేలైనదే, కరెంటు పోయి బ్యాటరీకి మారేటప్పుడు మధ్యలో అసలు ఖాళీ ఉండదు. కానీ దాని ఫ్యాన్ రోజంతా తిరుగుతుంది, విద్యుత్తు ఎక్కువ తింటుంది. ఇంటి కంప్యూటర్‌కు అంత అవసరం లేదు.

ప్యూర్ సైన్ వేవ్, అంటే బ్యాటరీ మీద కూడా గోడ కరెంటులాగే నునుపైన తరంగం ఇచ్చేదాన్నే ఎంచుకున్నాను. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా తీసుకునేలా చేసే సర్క్యూట్) ఉన్న కంప్యూటర్ పవర్ సప్లైలు కొన్ని మెట్లు మెట్లుగా వచ్చే తరంగాన్ని సరిగా తీసుకోవు, బ్యాటరీ మీదకు మారగానే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. ఆ భయం పోగొట్టుకోవడానికి కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడం సబబే.

మొదటి జత మూడున్నరేళ్లు వచ్చింది. రెండోది రెండున్నరేళ్లకే పోయింది. తప్పు నాదే. గది సర్దుతూ యూపీఎస్‌ను బల్ల కింది అలమారలో పెట్టి తలుపు మూసేశాను. లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. మూత విప్పితే రెండు బ్యాటరీల పక్కలూ పొట్టల్లా ఉబ్బి, రేకు గూటిలో బిగుసుకుపోయి ఉన్నాయి. చుట్టూ ఉన్న మరలన్నీ తీస్తే తప్ప బయటకు రాలేదు. కొత్తవి తెచ్చాక ఇంకో చిక్కు: వాటి మీద తీగలు తగిలించే పలకలు 4.75 మిల్లీమీటర్ల వెడల్పువి, యూపీఎస్ తీగల క్లిప్పులు 6.35వి. ఎక్కాయి కానీ వదులుగా ఊగాయి. అలా వదిలేస్తే అక్కడ వేడెక్కి కాలుతుంది. వెళ్లి మార్చుకున్నాను. మీరు కొనేటప్పుడు పాత బ్యాటరీని కొలిచి, ఆ కొలత రాసుకుని వెళ్లండి. జతగా ఉన్నవాటిలో ఒక్కదాన్నే మార్చవద్దు, పాతది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది.

వెనకాల ఉన్న సాకెట్లన్నీ ఒకటి కావు. కొన్నింటికి సర్జ్ రక్షణే (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడటం) ఉంటుంది, బ్యాటరీ ఉండదు. మొదట్లో మానిటర్‌ను అలాంటి దానికే తగిలించాను. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ నడుస్తోంది, తెర నల్లగా ఉంది, తెరిచి ఉన్న ఫైలును సేవ్ చేయడానికి దారి లేదు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం బ్యాటరీ సాకెట్‌కు ఎప్పుడూ పెట్టవద్దు. కాగితాన్ని వేడి చేసే భాగం ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది.

దీనితో వచ్చిన యూఎస్‌బీ తీగను చాలామంది పెట్టెలోనే వదిలేస్తారు. బ్యాటరీ ఎంత మిగిలిందో కంప్యూటర్‌కు తెలిసేది ఆ తీగ ద్వారానే. నాకైతే ఈ యూపీఎస్ విలువలో సగం అందులోనే ఉంది. నా కంప్యూటర్‌లో లినక్స్ మీద నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. నేను ఇంట్లో లేనప్పుడు బ్యాటరీ అడుగంటితే, అది డిస్కులను పద్ధతిగా మూసి కంప్యూటర్‌ను ఆపేస్తుంది. ఎనిమిదేళ్లలో ఇలా చాలాసార్లు జరిగింది, ఒక్క ఫైలూ పోలేదు.

నచ్చనివీ ఉన్నాయి. బీప్‌ను శాశ్వతంగా ఆపే బటన్ లేదు, అర్ధరాత్రి ఇల్లంతా లేస్తుంది. సాకెట్లు మరీ దగ్గరగా ఉన్నాయి, రూటర్ అడాప్టర్ పెడితే పక్కది మూసుకుపోతుంది. రూటర్‌కు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. కంప్యూటర్ ఆపేస్తే ఒక్క రూటర్‌ను రెండు గంటలకు పైగా నడుపుతుంది.

మూడు నెలలకోసారి, ముఖ్యమైన పనేదీ తెరిచి లేనప్పుడు, గోడ స్విచ్ ఆపి గడియారం పెట్టుకుని చూస్తాను. ప్లగ్ పీకను, పీకితే ఎర్త్ తెగుతుంది. వచ్చిన నిమిషాలను యూపీఎస్ పక్కన అతికించిన కాగితం మీద రాస్తాను. మొన్నటి అంకె పద్దెనిమిది. పదికి దిగిన రోజున నాలుగో జత తెచ్చి, పాతవాటిని బ్యాటరీల దుకాణానికి తిరిగి ఇచ్చేస్తాను. సీసం చెత్తబుట్టలో పడకూడదు.