రెండోసారి కూడా భయపెట్టినవి, ఒక్కసారికే అయిపోయినవి

గత ఏడాదిన్నరగా శనివారం వచ్చిందంటే అమ్మా నేనూ అన్నాలు తినేసి, గిన్నెలు సర్దేసి, తొమ్మిదిన్నరకల్లా టీవీ ముందు కూర్చుంటున్నాం. చూసేవాటిలో సగానికి పైగా దెయ్యం సినిమాలే, అమ్మకి అవంటే ప్రాణం, చిన్నప్పుడు ఊళ్లో విన్న కథలన్నీ అప్పుడే గుర్తొస్తాయి ఆమెకి. కొన్నిటిని రెండుసార్లు, 'మసూద'ని మూడుసార్లు చూశాం. అందుకే ఇది మొదటి ఆట చూసొచ్చి రాసే రివ్యూ లాంటిది కాదు. మొదటిసారి ఏ దెయ్యం సినిమా అయినా ఎంతో కొంత ఉలిక్కిపడేలా చేస్తుంది, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో మనకి తెలియదు కదా. ఎక్కడ తెరుచుకుంటుందో తెలిసిపోయాక కూడా గుండె దడదడలాడితే ఆ సినిమాలో సరుకు ఉన్నట్టు. నేను చూసిన మేరకు అలా నిలబడినవన్నీ ముందు ఇంట్లో మనుషుల్ని చూపించి, తర్వాతే దెయ్యాన్ని చూపించినవి.

'మసూద' (2022) దగ్గరే మొదలుపెడతాను. దర్శకుడు సాయికిరణ్. భర్తకి దూరంగా ఉంటూ కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటున్న టీచరు నీలంగా సంగీత, పొరుగున ఉండే గోపిగా తిరువీర్. సినిమా రెండు గంటల నలభై నిమిషాలుంటుంది, మొదటి గంటలో గోపి ఆఫీసు, అతని ప్రేమ, ఈ సాగదీత ఎందుకురా బాబూ అని మొదటిసారి నాకూ విసుగొచ్చింది. రెండోసారి చూసినప్పుడు అదే భాగం నచ్చింది. గోపి పిరికివాడు, గట్టిగా మాట్లాడటమే చేతకానివాడు, అలాంటివాడికి ఆ ఇంటితో ఏ చుట్టరికమూ లేదు, నాకెందుకని తలుపేసుకుని కూర్చోవచ్చు, అయినా పిలిస్తే వస్తాడు. ఆ గంటంతా అతన్ని చూశాం కాబట్టే తర్వాత అతను ఒక్కో అడుగు లోపలికి వేస్తుంటే మనకి భయం వేస్తుంది. ఇక సంగీత. సొంత కూతురు ఉన్న గదిలోకి వెళ్లడానికి తల్లే జంకడం, జంకినందుకు మళ్లీ తనే కుమిలిపోవడం, ఇవన్నీ ఆవిడ పెద్ద డైలాగులేమీ లేకుండా ముఖంతోనే చేసింది. ఆ కూతురు నాజియాగా వేసిన బాంధవి శ్రీధర్ గురించి వేరే చెప్పక్కర్లేదు, మామూలుగా కూర్చుని ఉన్నా ఆ పిల్లని చూస్తే భయం వేస్తుంది. మొదటిసారి చూసిన రాత్రి సినిమా మధ్యలో అమ్మ లేచి వెళ్లి వంటింటి తలుపు గొళ్లెం పడిందో లేదో చూసి వచ్చింది, మూడోసారి చూసినప్పుడు కూడా అదే చోట లేచింది. చివర్లో పరుగులు, ఫ్లాష్‌బ్యాక్ ఎక్కువయ్యాయి, ఒక పావుగంట కోసేస్తే ఇంకా బిగువుగా ఉండేదని మూడుసార్లూ అనిపించింది. తెలుగులో ఈ మధ్య వచ్చిన దెయ్యం సినిమాల్లో నా మటుకు ఇదే మొదటి స్థానం.

'విరూపాక్ష' (2023) మాత్రం థియేటర్‌లో చూశాను. కార్తీక్ వర్మ దండు దర్శకత్వం, సుకుమార్ స్క్రీన్‌ప్లే, సాయిధరమ్ తేజ్ బైక్ ప్రమాదం నుంచి కోలుకున్నాక చేసిన సినిమా. రుద్రవనం అనే ఊరు, వరసగా చావులు, ఊరికి అష్టదిగ్బంధనం వేసి ఎవరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు అంటారు. అజనీష్ లోక్‌నాథ్ సంగీతానికి మా వరస వరసంతా కుర్చీలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. తర్వాత ఇంట్లో చూస్తే, ఆ సౌండ్ లేకపోయేసరికి కొన్ని సీన్లు చప్పగా అయిపోయాయి, హీరో హీరోయిన్ల ప్రేమ భాగం అయితే రిమోట్ అందుకునేలా చేసింది. కానీ ఒక మంచి సంగతి ఉంది. ఇదంతా చేస్తున్నది ఎవరో తెలిశాక మళ్లీ మొదటి నుంచి చూస్తే, ఆ మనిషి ఉన్న ప్రతి సీనూ వేరేగా కనిపిస్తుంది. ఎవరో చెప్పను, చూడనివాళ్లు ఇంకా ఉంటారు. చూసినవాళ్లు మాత్రం ఇంకోసారి ఆ ముఖాన్నే గమనిస్తూ చూడండి.

ఆ సినిమాలో కాకుల్ని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అదే ఏడాది, అంతకు నెలన్నర ముందు వచ్చిన 'బలగం'లో అదే కాకి మమ్మల్ని ఏడిపించింది. దెయ్యం సినిమాల మధ్యలో దీన్నెందుకు తెస్తున్నానంటే, చచ్చిపోయినవాళ్లు ఇంకా ఏదో అడుగుతున్నారన్న దిగులు దీనిలో ఉన్నంత గట్టిగా నేను చూసిన ఏ దెయ్యం సినిమాలోనూ లేదు. కొమురయ్య అనే ముసలాయన పోతాడు, మూడో రోజు పిట్టకు పెడితే కాకి ముట్టదు, మళ్లీ పెట్టినా ముట్టదు, ఇల్లంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. వేణు ఎల్దండి ఇది తీసిన తీరులో ఎక్కడా బెదిరింపు లేదు, ఒక విస్తరి, దాని ముందు నిలబడి ఆకాశంలోకి చూసే మనుషులు, అంతే. మా అమ్మమ్మ పోయినప్పుడు మేమూ అలాగే ఎండలో నిలబడ్డాం, గంటకి పైగా కాకి రాలేదు, పెద్దమామయ్య విస్తరి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని "చిన్నదాని పెళ్లి నేను చేస్తానే అమ్మా" అని పైకే అన్నాడు, ఆ తర్వాతే వచ్చింది. సినిమా చూస్తున్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది, చివర్లో ఆ బుడగజంగాల దంపతులు పాట అందుకునేసరికి ఇద్దరం ఆపుకోలేకపోయాం. ప్రియదర్శి, సుధాకర్ రెడ్డి, అందరూ మన ఇళ్లలో మనుషుల్లాగే ఉన్నారు. దీన్ని ఎన్నిసార్లు చూసినా అరగదు.

'పిండం' (2023) మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. శ్రీరామ్ హీరో, పాత ఇంట్లోకి కొత్తగా వచ్చిన కుటుంబం, కడుపుతో ఉన్న భార్య, ఇద్దరు ఆడపిల్లలు, నానమ్మ, అన్నీ ఉన్నాయి. ఈశ్వరీరావు వచ్చిన దగ్గర్నుంచి సినిమాకి బలం వస్తుంది, ఆవిడ అంత నింపాదిగా మాట్లాడుతుంటే ఆ దెయ్యం నిజంగానే ఉందనిపిస్తుంది. కానీ ప్రతి అయిదు నిమిషాలకీ ఒక చప్పుడుతో ఉలిక్కిపడేలా చేయాలన్న తొందర వల్ల ఆ ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఏమవుతారో మనసుకి పట్టదు. రెండోసారి పెట్టి గంటలోపే ఆపేశాం. 'మా ఊరి పొలిమేర 2' (2023) ఇంకో రకం, భయం తక్కువ, మలుపులు ఎక్కువ. సత్యం రాజేష్‌ని కామెడీ వేషాల్లో చూసిన మనకి అతన్నిలా చూడటమే పెద్ద షాక్, కామాక్షి భాస్కర్ల కూడా బాగా చేసింది. మొదటి భాగం చూడకుండా దీన్ని చూడొద్దు, ఏమీ అర్థం కాదు. మలుపులన్నీ తెలిశాక మళ్లీ చూడాలనిపించలేదు.

హిందీలో 'తుంబాడ్' (2018). మొదట వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2024 సెప్టెంబరులో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారికన్నా ఎక్కువ వసూలు చేసింది, నేనూ ఆ రెండో విడుదలలోనే చూశాను. సినిమా అంతా వానే, బట్టలు, గోడలు, చివరికి మనుషుల మొహాలు కూడా తడిసి ముద్దయి ఉంటాయి, చూస్తున్న మనకే చలి పుడుతుంది. బంగారం కాపలా కాసే శాపగ్రస్తుడైన దేవుడు హస్తర్ కనిపించే సీన్లకన్నా నన్ను ఎక్కువ వెంటాడింది వేరే సీను. హీరో వినాయక్ తన కొడుకుకి హస్తర్ దగ్గర్నుంచి బంగారు నాణేలు లాగడం నేర్పుతుంటాడు, మన ఇళ్లలో నాన్నలు సైకిల్ నేర్పినంత మామూలుగా. ఆ అబ్బాయి కుంటుకుంటూనే అంతా సాధన చేస్తాడు, నాన్న మెచ్చుకుంటే చాలనుకునే పిల్లాడు. ఆ పనికి వాళ్లు వెంట తీసుకెళ్లే పిండి బొమ్మ ఎందుకు చేస్తారో తెలిసిన తర్వాత ఆ సీను మళ్లీ చూస్తే కడుపులో తిప్పేస్తుంది.

మలయాళంలో రాహుల్ సదాశివన్ అనే దర్శకుడు ఉన్నాడు, దెయ్యం సినిమాలంటే ఇష్టం ఉన్నవాళ్లు ఈ పేరు రాసి పెట్టుకోండి. 'భ్రమయుగం' (2024) అతనిదే, మొత్తం నలుపు తెలుపులో తీశాడు, తెలుగులోకీ వచ్చింది. 17వ శతాబ్దం, అడవిలో దారి తప్పిన పాటగాడు, పాడుబడ్డ పెద్ద ఇల్లు, ఆ ఇంటి యజమానిగా మమ్ముట్టి. పాచికలాడదామంటాడు, నా దగ్గర పందెం కాయడానికి ఏమీ లేదు అంటే, నీ కాలం పందెం కాయి అంటాడు. దాని అర్థం ఏమిటో అప్పుడు ఆ పాటగాడికీ తెలియదు, మనకీ తెలియదు. రెండోసారి చూస్తున్నప్పుడు ఆ మాట దగ్గర 'వద్దు' అని పైకే అనేశాను. మమ్ముట్టి నవ్వు కోసమైనా దీన్ని మలయాళంలోనే చూడండి, సబ్‌టైటిల్స్ చదవడం రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. కొంచెం నెమ్మది, రోజంతా పనిచేసి అలిసిపోయిన రాత్రి పెట్టుకుంటే నిద్రపోతారు, సెలవు రోజు చూడండి.

అదే దర్శకుడి 'భూతకాలం' (2022) గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. రేవతి తల్లి, షేన్ నిగమ్ కొడుకు. రేవతి అనగానే మనకి 'రాత్రి' గుర్తుకు రావాలి, 1992లో రాంగోపాల్ వర్మ తీసింది, అందులో దెయ్యం పట్టే కాలేజీ అమ్మాయి ఆవిడే. సినిమా హాల్లో తన సీటు దగ్గరికి తిరిగొచ్చేసరికి హాలంతా ఖాళీగా ఉండే ఆ సీనుని అమ్మ తన పెళ్లికి ముందు చూసిందట, ఇప్పటికీ ఇంటర్వెల్‌లో ఒక్కతే బయటికి పోదు. ముప్పై ఏళ్ల తర్వాత అదే రేవతి, ఇప్పుడు కొడుకు చెప్పేది నమ్మని తల్లిగా కనిపిస్తుంటే, తెలిసిన మనిషే ఇంత మారిపోయిందా అన్నట్టు ఉంటుంది.

కథ చిన్నది. ఇంట్లో ముసలావిడ పోతుంది, మిగిలింది తల్లీ కొడుకూ. తల్లికి దిగులు జబ్బు, కొడుక్కి చదువు అయిపోయినా ఉద్యోగం లేదు, ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోరు. అతనికి రాత్రిళ్లు చప్పుళ్లు వినిపిస్తాయి, చెప్తే తాగుతున్నావా, ఏమైనా తీసుకుంటున్నావా అంటారు. చాలాసేపటి వరకు ఇంట్లో నిజంగా ఏదైనా ఉందా, లేక ఈ అబ్బాయి మనసే బాగాలేదా అన్నది తేలదు, తేలకుండా నడపడంలోనే దర్శకుడి పనితనం ఉంది. భయంకరమైన ముఖాలు పెట్టి బెదిరించడు. ఒక కారిడారు, ఒక తలుపు, అవతల ఏదో కదిలినట్టు ఉండటం, మనం చెవులు రిక్కించుకుని కూర్చుంటాం.

నాకు ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్న రోజులున్నాయి. పొద్దున లేచి గది తలుపు వేసుకునే ఉండేవాణ్ణి, అమ్మ టిఫిన్ ప్లేటు తలుపు బయట స్టూలు మీద పెట్టి వెళ్లిపోయేది, తట్టేది కూడా కాదు, తడితే నేను అరుస్తానని. సినిమాలో ఆ అబ్బాయి గదిలో ఒక్కడే మంచం మీద కూర్చుని ఉన్న చోట అమ్మ రిమోట్ తీసుకుని ఆపేసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడు నీకూ ఇట్లాగే ఉండేదారా?" అంది. అవునన్నాను. "చెప్పచ్చు కదా" అంది. ఆ రాత్రి సినిమా అక్కడే ఆగిపోయింది, ఒంటిగంట దాకా మాట్లాడుకుంటూ కూర్చున్నాం, మిగతా గంటా మరుసటి రోజు పగటిపూట చూశాం.

పగలు చూసినా భయం వేసింది. చివరి అరగంట తల్లీ కొడుకూ ఇద్దరూ కలిసి ఆ ఇంట్లో ఉన్నప్పుడు నాకు దెయ్యం ఏం చేస్తుందో అన్నదానికన్నా, వీళ్లిద్దరూ ఒకరినొకరు వదిలేస్తారేమో అన్న టెన్షనే ఎక్కువైంది. ఇంతవరకు చూసినవాటిలో రెండోసారి పెడతానంటే అమ్మ వద్దన్న సినిమా ఇదొక్కటే. నేను మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కణ్ణే మళ్లీ చూశాను, గది తలుపు తీసే ఉంచి.