ఎఫ్8 నొక్కితే సేల్స్ రాలేదు, విమానం ఎగిరింది

ఈ ల్యాప్‌టాప్ కొని మూడేళ్లు దాటింది. ప్రాసెసర్, ర్యామ్ సంగతులు ఇప్పటికే అందరూ రాసేశారు. నా కోపమంతా ఒక్క వరుస మీదే, పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉన్న కీల మీద.

నేను అకౌంట్స్ రాసేవాణ్ని. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో రోజంతా ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. వీటికోసం తల దించను, వేలే వెళ్లిపోతుంది. డెస్క్‌టాప్ కీబోర్డులో ఎఫ్4 తర్వాత, ఎఫ్8 తర్వాత కాస్త సందు ఉంటుంది. ఆ సందు తగిలితే చాలు, ఎక్కడున్నదీ వేలికి తెలిసిపోతుంది. ఇందులో సందు లేదు. పైగా ఆ కీలకు సౌండు, బ్రైట్‌నెస్ పనులు అప్పజెప్పి పంపారు. అసలు ఎఫ్8 కావాలంటే ఎఫ్‌ఎన్ (Fn) అనే కీ కూడా కలిపి నొక్కాలట. నాకెవరు చెప్పారు?

కొన్న నెలలోనే, 20వ తారీఖు సాయంత్రం. జీఎస్టీఆర్-3బీకి, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్‌కి, ఆఖరి రోజు. ఒక హార్డ్‌వేర్ షాపు కంప్యూటర్లోకి నెట్ మీదుగా రిమోట్‌లో వెళ్లి, మిగిలిపోయిన నాలుగు బిల్లులు ఎక్కిస్తున్నాను. ఎఫ్8 నొక్కాను. స్క్రీన్ బిగుసుకుపోయింది. షాపుకి ఫోన్ చేస్తే, "ఇక్కడంతా బానే ఉందండీ, మీ వైపే ఏదో" అన్నాడు ఓనరు. జీఎస్టీ పోర్టల్ తెరిస్తే అదీ రాదు. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. ఇంక టెన్షన్ పట్టలేక నెట్ అబ్బాయికి ఫోన్ చేసి నాలుగు అరిచాను. పాపం, బండేసుకుని వచ్చాడు. రౌటర్ వైపు చూడనైనా చూడలేదు. నా స్క్రీన్ మూల చూసి, "సార్, విమానం ఆన్ చేసుకున్నారు" అన్నాడు. నిజమే, ఎఫ్8 మీద బుల్లి విమానం బొమ్మ. అది ఎయిర్‌ప్లేన్ మోడ్, ఆన్ అయితే వైఫై ఆగిపోతుంది. రిటర్న్ ఎనిమిదిన్నరకి వెళ్లింది, లేట్ ఫీజు తప్పింది. ఆ అబ్బాయికి టీ ఇచ్చేటప్పుడు మాత్రం ముఖం చూడలేకపోయాను.

ఎఫ్‌ఎన్ పట్టుకుని ఎస్కేప్ నొక్కితే కీలు మామూలుగా మారతాయని చూపించిందీ అతనే. ఆ రాత్రి పంతం కొద్దీ ఎక్సెల్ తెరిచి పన్నెండు కీలూ ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఫార్ములాలో ఏ1 దగ్గర కర్సర్ పెట్టి ఎఫ్4 కొడితే సెల్ అడ్రస్ కదలకుండా పట్టి ఉంచే డాలర్ గుర్తులు రెండూ వచ్చి కూర్చున్నాయి. ఇంకోసారి కొడితే అంకె ముందు ఒక్కటే, మళ్లీ కొడితే అక్షరం ముందు ఒక్కటే. పదేళ్లుగా షిఫ్ట్ పట్టుకుని చేత్తో కొడుతున్నాను వాటిని!

కీబోర్డు మెత్తగా ఉందని మొదట్లో నలుగురికీ చెప్పాను. మెత్తదనం ఇప్పటికీ ఉంది. కాకపోతే పై వరుస కీలు సగం ఎత్తే కాబట్టి, ఎఫ్8కి పోయిన వేలు అప్పుడప్పుడు కిందున్న 8 మీద పడి, అమౌంట్ పక్కన ఓ ఎనిమిది చేరిపోతుంది.

సినిమాలు, మెయిళ్లు చూసుకునేవాళ్లకి కంపెనీ పెట్టిన పద్ధతే సుఖమేమో. మా అబ్బాయి అదే అంటాడు. ఆదివారం సౌండు కోసం వాడు మార్చేస్తాడు, సోమవారం పొద్దున్నే ఎస్కేప్ మీద లైటు చూసుకుని నేను తిప్పుకుంటాను. ఇప్పుడు ఇంట్లో సందులున్న యూఎస్‌బీ కీబోర్డు తగిలించాను. ఆడిట్‌కి బయటికి వెళ్లినప్పుడే దీని కీలతో పని.